గుమ్మి మీద కట్టిన పొయ్యి

నా చేతిరాత చాలా బాగుంటుంది. ఈ మాట ఎవరికి వాళ్లు చెప్పుకోకూడదంటారు గానీ, నా దృష్టిలో అది వినయం పేరు పెట్టుకున్న పిసినారితనం. నా దగ్గరున్న మంచిని పదిమందికీ పంచాలనే గుణం కొద్దీ చెబుతున్నాను. ఏడో తరగతి రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ పేపరు దిద్దిన సారు పైన "దస్తూరి బాగుంది" అని ఎర్రసిరాతో రాసి మరీ తప్పించాడు.

ఆ దస్తూరి చూసే వెంకటరామారావు గారు నన్ను తన ఇటుక బట్టీకి గుమాస్తాగా పెట్టుకున్నాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. బట్టీ ఉన్నది పాల్వంచ దాటి అడవి మొదలయ్యే చోట, మద్దిగుంపు అనే గూడెం పక్కన. ఊరి చుట్టూ ఇళ్ల మీద ఇళ్లు లేస్తున్న రోజులవి. ఇటుక చల్లారకముందే లారీ వచ్చి హారన్ కొట్టేది. పొద్దున్నే మంగ్లి మోకాళ్ల దాకా చీర ఎగగట్టి మట్టి తొక్కేది. ఆమె మొగుడు మంగీలాల్ అచ్చులు పోసేవాడు. నేను రేకుల షెడ్డు కింద కూర్చుని, "అనుమతి లేనిదే లోపలికి రారాదు" అన్న బోర్డును ఏడాదికోసారి కొత్తగా రాసేవాణ్ని. ఆ బోర్డు చదవగలిగింది మా బట్టీలో నేనొక్కణ్నే.

మట్టి ముత్తక్కది. గూడెం చివర గుడిసె, గుడిసె వెనక పెరడు, పెరడు వెనక ఎకరం ముప్పై గుంటల జొన్న చేను. అంతా ఒకే సర్వే నంబరు. మొగుడు పోయి పదేళ్లయింది, పిల్లలు లేరు, ఉన్నదల్లా ఆ చేనే. డెబ్బై ఆరులో రావుగారు ఆమెతో మాట్లాడుకున్నాడు. ఒక్క ఎండాకాలం, మూరెడు లోతు. ఆ తర్వాత చేను సాపు చేసి అప్పజెప్పాలి. కాగితం నేను రాశాను. "మట్టి తీసుకొనుటకు నా పూర్తి సమ్మతి" అని రాశాను. మూరెడు అన్న మాట రాయలేదు. రాయొద్దని రావుగారు అనలేదు, ఆయనకు ఆ అవసరమే రాలేదు. "సమ్మతి" అన్న మాట సరిగ్గా కాగితం అంచు దగ్గర ముగిసింది. ఇంకో మాట ఇరికిస్తే పంక్తి అందం చెడుతుందని నేనే ఆపేశాను. ముత్తక్క వేలిముద్ర వేసింది. దాని చుట్టూ గుండ్రంగా గీత గీశాను. అది కూడా బాగా కుదిరింది.

మూరెడు తవ్వారు. తర్వాత నడుము లోతు. మూడో ఎండాకాలానికి తవ్వేవాళ్ల తలపాగాలు కూడా పైకి కనబడలేదు. ముత్తక్క వచ్చి అడిగినప్పుడల్లా రావుగారు కాగితం తీసి చూపించేవాడు. ఆమెకు చదువు రాదు, కాబట్టి చదవమని నాకిచ్చేవాడు. నేను చదివేవాణ్ని. నా గొంతు కూడా బాగుంటుంది.

చేను పోయాక ముత్తక్క పాల్వంచ బస్టాండు దగ్గర ఒక బేకరీలో కట్టెలు మోసే పనికి కుదిరింది. నాలుగేళ్లు మోసింది.

ఇక ఆ ఇటుకల సంగతి. తొలకరి పడగానే మా బట్టీ ఇటుకతో కట్టిన గోడలన్నిటికీ జొన్న మొలిచేది. సిమెంటు పూత చీల్చుకుని మొలకలొచ్చేవి, దసరా నాటికి కంకులు వేసేవి. చేను బట్టీలో కాలినా, లారీలెక్కి ఊరంతా చెదిరిపోయినా, అలవాటు మాత్రం మానుకోలేదు. కిరాయికి ఇల్లు చూసుకునే వాళ్లు, నీళ్ల సంగతి అడిగాక, "ఏ దిక్కు గోడకు మొలుస్తది?" అని అడిగేవాళ్లు. పడమటి గోడకైతే పిట్టల బాధ ఎక్కువ. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు కిటికీలోంచి చెయ్యి చాచి నాలుగు కంకులు విరుచుకుని, కాల్చుకుని తిని పడుకునేవాళ్లు.

అన్నిటికంటే ఎక్కువ పంట రావుగారి రెండంతస్తుల ఇంటికే వచ్చేది. మొదటి వాములో కాలిన ఇటుకంతా దానికే పోయింది మరి. వాళ్లింట్లో జొన్న ముట్టరు. కోయించి గేదెకు వేసేవారు.

డెబ్బై తొమ్మిదిలో దసరా ముందు ముత్తక్క కొడవలి పట్టుకుని ఆ ఇంటికొచ్చింది. ఏదో పని మీద నేనూ అక్కడే ఉన్నాను. గేదె తాపీగా నములుతోంది. ముత్తక్క దాన్ని చూసింది. దాని నోట్లోని కంకిని చూసింది.

"దొరా, గోడ నీదే. పంట నాది. కోసుకపోత."

"ఇదెక్కడి మాటమ్మా? గోడ నాదైతే పంటా నాదేగా. ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నవ్వేటోళ్లను పిలువు. ముంగట నిలబడి నవ్వమను. నేను గూడ చూస్త."

"చూడు, కాగితంలో..."

"నీ కాగితం నీ గేదెకెయ్యి."

అక్కడ నేను కల్పించుకున్నాను. పెద్దమనిషి తరహాలో గొంతు తగ్గించి, "ముత్తక్కా, కోపం తగ్గించుకో. కోపంతోటి ఏమొస్తది?" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "మూరెడు అని నీ ముంగటనే అనుకున్నం. రాయకుంట ఇడిసింది నువ్వు. కోపంతోటి ఏమొస్తదో నువ్వు చెప్తున్నవా, గుమాస్తా?"

అంత మాట పడ్డాను. అయినా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. అదీ ఒకందుకు మంచిదే.

ఆమె కొడవలి కొంగులో చుట్టుకుంది. "సరే. పలిగిన ఇటుకలన్న ఇయ్యి. నా మట్టి నాకియ్యి."

రావుగారికి ప్రాణం లేచొచ్చింది. "పగిలినవా? ఎన్నైనా పట్టుకుపోమ్మా! నేనేమైనా అడ్డం చెప్పానా?" అన్నాడు. నెల రోజుల పాటు, ఆరోజు ఎంత పెద్దమనసు చూపించాడో వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ముత్తక్క విడతకు ఎనిమిది చొప్పున నెత్తిన పెట్టుకుని మోసింది. చలికాలం అంతా మోసింది. బేకరీకి పోయే ముందు ఒక విడత, వచ్చాక రెండు విడతలు. మంగ్లి మంచివాటిని కూడా అంచు కొట్టి, పగిలినవాటిలో వేసేది. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ని. నా జీవితంలో నేను చేసిన సాయాల్లో ఇది పెద్దది. ఇందులో నేను చేసిందేమీ లేదని మీరు గమనించే ఉంటారు.

ఆ ఇటుకలతో పెరట్లో రొట్టెల పొయ్యి కడతానంది. బన్నులు కాల్చి రోడ్డు మీద షిఫ్టు బస్సుల దగ్గర అమ్ముతానంది. బతకడానికి మంచి దారి దొరికిందే అన్నాను.

"బతుకుడు తర్వాత. ముందుగాల ఈ మట్టిని కాల్చాలె. ఒకపాలి కాలిస్తె ఇనలే. రోజూ కాలుస్త. మొలిచుడు మర్చిపోయేదాక కాలుస్త. వాని గేదెకు మేత అయ్యేకంటె నా చేతుల మాడిపోనీ."

చేను మీద అంత కోపం పెట్టుకున్న రైతును నేను అంతకుముందు చూడలేదు.

రావుగారికి వేరే లెక్క ఉంది. ఏటా దీపావళి వెళ్లాక పట్వారీ రామ్‌చందర్ పంట చూసుకోవడానికి వస్తాడు. ఏ నంబర్లో ఏ పంట నిలబడి ఉంది, సాగు చేస్తున్నదెవరు అని పహాణీలో రాసుకుపోతాడు. ముత్తక్క నంబరు ఎదురుగా నాలుగేళ్లుగా "బీడు" అని పడుతోంది. ఈసారి "ఇటుక బట్టీ, సాగులో వెంకటరామారావు" అని రాయించాలని ఆయన పట్టుదల. అట్లా రాస్తే నంబరు మొత్తం, అంటే గుంతే కాదు, గుడిసె, పెరడు కూడా ఆయన కింద పడుతుంది. పెరట్లోంచి లారీలకు బాట వెయ్యాలని ముగ్గుతో గీతలు కూడా గీయించాడు. ఆ గీతల మధ్యలోనే ముత్తక్క పొయ్యికి పునాది తీసింది.

అప్పుడు నేను సాయానికి వెళ్లాను. తప్పు దిద్దుకుందామని కాదు. ఇటుక గురించి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు అన్న ధీమాతో వెళ్లాను. నాలుగేళ్లుగా ఇటుకల పక్కనే కూర్చుంటున్నాను కదా.

రాతి అరుగు ఆమే కట్టుకుంది. అరుగు మీద ఇసుక, ఇసుక మీద పగిలిన సీసాల పెంకులు, వాటి మీద కల్లుప్పు పరిచింది. బేకరీలో నేర్చుకున్న కిటుకు అది, వేడి కిందికి దిగకుండా పట్టుకుంటుందట. ఆపైన ఇటుకలు పడుకోబెట్టింది. ఇక గుమ్మటం లేపాలి. మట్టిలో ఊక, బెల్లం నీళ్లు కలిపి తొక్కుతుంటే నేను ఆపాను.

"మట్టితోటి ఏందక్కా? ఇది ఎనభయ్యో సంవత్సరం. సిమెంటు తెస్త, చూడు."

అరబస్తా తెచ్చాను. అది రావుగారి సిమెంటే అన్నది వేరే విషయం. నా చేత్తో నేనే పెట్టాను. వరసలు నా పంక్తుల్లాగే తిన్నగా వచ్చాయి. అంత అందమైన పొయ్యి ఖమ్మం జిల్లాలో ఉండదనుకున్నాను. నిప్పు వేసిన గంటకు టప్‌మని ఒక శబ్దం, దాని వెనక ఇంకొకటి. గుమ్మటం నిలువునా నాలుగు చీలికలై లోపలికి కూర్చుంది. సిమెంటు వేడికి ఆగదు. ఇది మంగ్లికి తెలుసు, మంగీలాల్‌కు తెలుసు, ముత్తక్కకు తెలుసు.

"తెలిసినప్పుడు చెప్పొద్దా?" అన్నాను.

"నువ్వు చెప్పనిస్తివా?"

మంగ్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగి నవ్వింది. ముత్తక్క నవ్వలేదు. కూలిన ఇటుకల్ని ఒక్కొక్కటే తీసి, అంటుకున్న సిమెంటును కొడవలి వెనక్కి తిప్పి గీకింది. వారం పట్టింది. ఆ వారమంతా గీకే చప్పుడు బట్టీ దాకా వినబడేది.

మళ్లీ లేపాలంటే లోపల ఏదన్నా ఆకారం ఉండాలి, ఇటుకలు ఆనడానికి. ఇసుక కుప్ప పోద్దామని నేననబోయి నోరు నొక్కుకున్నాను. ఆమె గుడిసెలోకి పోయి గుమ్మి దొర్లించుకుంటూ వచ్చింది. జొన్నలు పోసుకునే వెదురు గుమ్మి. మొగుడు అల్లింది, మనిషి భుజమంత ఎత్తు. నాలుగేళ్లుగా అందులో గింజ లేదు. ఎలుకలు కూడా ఆశ వదులుకున్నాయి. గొడ్డలి తీసుకుని నడిమికి రెండు చేసింది. అడుగు భాగాన్ని అరుగు మీద బోర్లించింది.

"అయ్యో, గుమ్మి పాడుచేసుకుంటివి కదక్కా," అంది మంగ్లి.

"ఏం పోస్త ఇందుల? గుమాస్తా కాగితాలా?"

బోర్లించిన గుమ్మి మీద బెల్లం మట్టితో ఇటుకలు పేర్చుకుంటూ పోయింది. వరసలు వంకరగా వచ్చాయి. నాకు చెయ్యి దురదపెట్టింది గానీ దూరంగా కూర్చున్నాను. చివరి ఇటుక నెత్తిన దిగ్గొట్టాక మూడు వారాలు నీడలో ఆరనిచ్చింది. ఆ తర్వాత తుమ్మ మొద్దులు లోపలికి తోసి నిప్పు పెట్టింది. గుమ్మి లోపల పెద్ద మంటతో కాలిపోయింది. గుమ్మటం నిలబడింది. ముత్తక్క ఆ మంటను రెప్పవేయకుండా చూసింది. ఆ ముఖం చూసి నేను ఓదార్పు మాట ఒకటి వెతుక్కుంటున్నాను. దొరికేలోపే మంగ్లి నా చొక్కా పట్టి వెనక్కి లాగింది.

బేకరీ పని మానేసి బన్నులు మొదలుపెట్టింది. మంచి బన్నులు. పొద్దు షిఫ్టు బస్సు కోసం నిలబడ్డవాళ్లు గంపను పది నిమిషాల్లో ఖాళీ చేసేవాళ్లు. ఆమె కోపంగా కాల్చేది, కోపంగా అమ్మేది. "నిన్నటిదా ఇయ్యాల్టిదా?" అని ఎవరన్నా అడిగితే చేతిలో పెట్టిన బన్ను వెనక్కి లాక్కునేది.

తొలకరి పడింది. ఆ ఏడు పాల్వంచలో ఏ గోడకూ మొలక రాలేదు. జనం కాస్త చిరాకుపడ్డారు. కిరాయిదార్లు ఇంటివాళ్లతో తగువులాడారు. రావుగారు తన గోడ మీద రెండుసార్లు ఎరువు చల్లించాడు. గోడ తడిసి పెచ్చులూడింది తప్ప ఇంకేమీ కాలేదు.

మొలిచింది ముత్తక్క పొయ్యికి. లోపల నిప్పు మండుతూనే ఉంది, పైన ఆకు వాడకుండా లేస్తూనే ఉంది. ఆమె చేత్తో గుమ్మటాన్ని ఒకటి చరిచింది. "కాలుస్తుంటె మొలుస్తవేందే? సిగ్గు లేదా నీకు?" అని తిట్టింది. పీకింది. తెల్లారేసరికి మళ్లీ మోచేతి ఎత్తు. ఇంకో రెండు మొద్దులు ఎక్కువ వేసి కాల్చింది. ఇంకా ఒత్తుగా వచ్చింది. వినాయక చవితి నాటికి ఆమే అలిసిపోయి వదిలేసింది. దీపావళికి పొయ్యి మీద జొన్న మనిషిని మించి నిలబడి, కంకులు పసుప్పచ్చగా వంగాయి.

పట్వారీ రామ్‌చందర్ సైకిల్ మీద వచ్చాడు, వెనక కొలత గొలుసు మోసే మనిషితో. రావుగారు అప్పటికే కుర్చీ వేయించి, కాగితంతో తయారుగా ఉన్నాడు. నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఇదిగోనండి. గుంత చూశారుగా. పంటా లేదు, పాడూ లేదు. బట్టీ నాది, సాగు నాది. ఆవిడ సమ్మతి కాగితం కూడా ఉంది."

పట్వారీ కాగితం చదివాడు. "దస్తూరి మంచిగున్నది. ఎవరిది?"

నా ఛాతీ ఒక్క క్షణం పొంగింది. దాచడం ఎందుకు, పొంగింది. ఎదురుగా ముత్తక్క నిలబడి ఉందని తర్వాత గుర్తొచ్చింది.

"ఎంత లోతు అని లేదేందిర?" అన్నాడు పట్వారీ నాతో.

రావుగారు నావైపు చూశాడు. ముత్తక్క చూడలేదు.

"మూరెడు అనుకున్నరు సార్," అన్నాను. "నేను రాయలేదు."

"ఎందుకు రాయలే?"

"పంక్తి నిండింది సార్."

పట్వారీ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, కాగితం మడిచి రావుగారి చేతిలో పెట్టాడు. ముత్తక్క వైపు తిరిగాడు. "పంట ఏమన్న ఉన్నదా, అమ్మా?"

"పొయ్యి మీద ఉన్నది," అంది ముత్తక్క. బతిమాలినట్టు లేదు ఆ గొంతు. చూస్తే చూడు, లేకుంటే పో అన్నట్టుంది.

పట్వారీ పెరట్లోకి నడిచాడు. "ఈ పెరడు అదే నంబరు కదా?" అని తన పుస్తకంలో చూసుకుని తలూపాడు. ఒక కంకి విరిచి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. తర్వాత చెప్పులు విప్పి, గొలుసు కొస పట్టుకుని అరుగెక్కి జొన్నలోకి దిగాడు. గొలుసు మనిషి వెనకే పోయాడు. కర్రలు కదలడం కనబడింది, తర్వాత అదీ కనబడలేదు. లోపలి నుంచి, దూరంగా, "పట్టు! లాగు!" అన్న కేకలు వినిపించాయి. ముత్తక్క ఈలోపు ఒక వాయి బన్నులు కాల్చి బయటికి తీసింది. రెండో వాయి సగంలో ఉండగా వాళ్లు అవతలి పక్కన దిగారు. భుజాల నిండా జొన్న నూగు. పట్వారీ చెమట తుడుచుకుని పుస్తకం తెరిచాడు.

"ఎకరం ముప్పై గుంటలు. జొన్న. సాగులో ముత్తక్క."

రావుగారు కుర్చీలోంచి లేచాడు. "ఏంటండీ ఇది! పొయ్యి మొత్తం రెండు గజాలు లేదు. దాని మీద ఎకరం ముప్పై గుంటలా? పొయ్యి మీద పంటని ఎవరైనా రాస్తారా?"

"కొలిచిన గద రావుగారూ. మీరు గూడ దిగి చూడుండ్రి."

"నేను ఒప్పుకోను! పై ఆఫీసుకు వెళ్తాను."

"పోండ్రి. గోడ మీద మొలిచినప్పుడు పంట అని మీరే కోయించిన్రు గద? మూడేండ్లు మీ గేదె తిన్నది. గోడ మీదిది పంటయితే పొయ్యి మీదిది ఎందుకు కాదో, అది గూడ అర్జీల రాయుండ్రి." నావైపు చూశాడు. "దస్తూరి ఉన్నోడు పక్కనే ఉన్నడు."

రావుగారు నావైపు చెయ్యి చాచాడు. నేను జేబులోని కలం తీయలేదు. ఇది ధైర్యం కాదు. కాగితం కింద బల్ల లేదు, నిలబడి రాస్తే పంక్తి వంకరపోతుంది, అది నాకే నచ్చదు.

ఆయన అర్జీ వేరెవరో రాశారు. దాని మీద ఏమీ కాలేదు. మరుసటి ఎండాకాలానికి బట్టీ టేకులపల్లి వైపు తరలిపోయింది. నేనే ఉద్యోగం వదిలేశానని చెబుతుంటాను. నిజానికి రమ్మని నన్నెవరూ పిలవలేదు.

గుడిసె, పెరడు, నంబరు ముత్తక్కవే. పంట కోసింది. మంగ్లి, నేనూ సాయం పట్టాం. కోస్తూ లోపలికి పోతుంటే మధ్యలో ఒకచోట ఆమె చేని పాత గట్టు తగిలింది. ముత్తక్క దాని మీద కాసేపు కూర్చుంది. గింజలు పోయడానికి గుమ్మి లేదు. గోనె సంచుల్లో నింపి గుడిసెలో ఒకదాని మీద ఒకటి పేర్చాం.

ఆ సాయంత్రం ఆమె గుంత గట్టున నిలబడి కిందికి చూస్తోంది. పచ్చటి నీళ్లు, రెండు నిలువుల లోతు. దాన్ని పూడ్చే మట్టి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు, ఊరంతా గోడల్లో ఉంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. నిలబడి ఊరుకుంటే ఎంత బాగుండేది.

"ఇగ కోపం పోయినట్టేనా, ముత్తక్కా?" అన్నాను.

"గుంత పూడిందా?"

"లే."

"మరి?"

ఆమె ఒక ఇటుక ముక్క తీసి గుంతలోకి విసిరింది. ఆ ముక్క అడుగుకు చేరిందో లేదో పైకి తెలియలేదు. అంతకంటే మంచి మాట ఏదన్నా అనాలని నేను నోరు తెరిచాను. ఆమె నావైపు చూసింది. మూసుకున్నాను, కానీ ఆలస్యంగా మూసుకున్నాను.

ఇప్పటికీ ఆ దారిన పోతే ముత్తక్క దగ్గర బన్ను కొంటాను, ఇప్పటికీ ఏదో ఒకటి అని తిట్లు తింటాను. కోపం వచ్చిన మనిషి పక్కన, ఆ కోపానికి కారణంలో నా వాటా నాకుండగా, ఏమీ అనకుండా నిలబడడం నాకింకా రాలేదు.